మేక స్వరం

వెలా వాలా,
మార్చి, 1983

ప్రియమైన దోబ్రిలాకు,

ఇక్కడ అందరం క్షేమం. క్షేమం అనే మాటను పట్టుకుని లాగితే ఎంత దూరం సాగుతుందో అంత దూరం క్షేమం. అక్కడ త్రియెస్తేలో నువ్వూ, నువ్వు చూసుకుంటున్న ఆ ముసలి దొరసానీ కూడా అలాగే ఉన్నారనుకుంటాను. నీ ఉత్తరం మంగళవారం పడవలో వచ్చింది. కాఫీ పొట్లమూ చేరింది. పోస్టాఫీసులో ఉన్నవాళ్లందరూ వంతులవారీగా వాసన చూశాకే నా చేతికిచ్చారు. ఊళ్లో అంతా బార్లీ వేయించుకుని, కళ్లు మూసుకుని, అదే కాఫీ అనుకుని తాగుతున్నారు. అందుకని నేను కాచే పూట కిటికీలు మూసేస్తున్నాను. లేకపోతే మన గుమ్మం ముందు పరామర్శలు ఎక్కువైపోతాయి. "మాయెస్త్రోకి ఎలా ఉంది?" అని నోరు అడుగుతుంది, ముక్కు వంటింటి వైపు తిరిగి ఉంటుంది.

ఈ నెలంతా దక్షిణపు గాలే. సముద్రం బూడిద రంగు, గోడలు చెమట, మనుషులు తడిసిన గోనెసంచులు. ఈ గాలి వీస్తున్నప్పుడు తగువు తీర్చకూడదు, పెళ్లి కుదర్చకూడదు అని మీ అమ్మ అనేది. ఉత్తరం రాయకూడదని మాత్రం అనలేదు, అందుకని రాస్తున్నాను. నాకు అలసటగా ఉంది దోబ్రిలా. ఒళ్లలిసిపోతే పడుకుంటే పోతుంది. ఇది చెవుల్లోంచి పట్టుకున్న అలసట. అదేమిటో చివర్లో చెబుతాను. ఇప్పుడే చెబితే మిగతా ఉత్తరం చదవకుండా మడిచేస్తావు, నీ సంగతి నాకు తెలియదా.

ముందు నీ ప్రశ్నలు.

వాననీళ్ల తొట్టి నిండింది. జారిన పెంకులు సర్దాను. ద్రాక్షతోట కత్తిరింపు సగంలో ఆగింది. రెండో సగం మొదలుపెట్టేసరికి పైగదిలోంచి గంట మోగుతుంది. అవసరమైతే వాయించమని మేక మెడలో గంట ఒకటి తీసి మీ నాన్న మంచం పక్కన పెట్టాను. పుట్టి బుద్ధెరిగాక అంత తెలివితక్కువ పని చెయ్యలేదు. ఆయన దాన్ని అవసరానికి వాయించడు, తాళానికి వాయిస్తాడు. నేను మెట్లెక్కుతుంటే అడుగు తాళం తప్పిందని మళ్లీ దిగి ఎక్కమంటాడు. ఎక్కి చూస్తే ఏమీ అక్కర్లేదు. "ఇప్పుడు బాగుంది, వెళ్లు" అంటాడు.

నిమ్మచెట్టు విరగకాసింది కదా, పడవవాడితో ఒక సంచి పంపకూడదా, దొరసాని చేపల్లోకి పిండుకుంటుంది అని రాశావు. నిమ్మకాయల సంగతి ఇప్పుడు అడగకు.

"మాయెస్త్రో తింటున్నారా?" అని అడిగావు. నువ్వు వెళ్లినప్పటి నుంచీ చూస్తున్నాను, ఒక్క ఉత్తరంలోనైనా 'నాన్న' అని రాయలేదు. సంగీతంలో పెద్దవాడని ఊరంతా ఆయన్ని మాయెస్త్రో అని పిలుస్తుంది, గౌరవం కొద్దీ. నువ్వు పిలిచేది రాయి విసిరినట్టుంటుంది. సరే, తింటున్నాడు. బ్లిత్వా ఆకూ బంగాళాదుంపా ఉడకబెట్టి ఆలివ్ నూనె పోసి పెడుతున్నాను. డాక్టరు ఉప్పు మానమన్నాడు. మానమంటే మానే మనిషా? అందుకని ఉప్పుడబ్బా మూతకున్న చిల్లుల్ని మైనంతో మూసేసి ఇచ్చాను. ఆయన ఊపుకునేవాడు, ముద్ద నోట్లో పెట్టుకుని "ఆహా, ఇప్పుడొచ్చింది రుచి" అనేవాడు. నేను వెనక్కి తిరిగి నవ్వుకునేవాణ్ని. ఒకరోజు డబ్బా ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"అల్లుడూ, ఉప్పు పడే చప్పుడు వేరు, పడకుండా లోపలే తిరిగే చప్పుడు వేరు. నాకు పోయింది కళ్లురా గాడిదా, చెవులు కాదు."

"మరి ఇన్నాళ్లూ రుచి ఎలా వచ్చింది మావయ్యా?"

"నువ్వు అంత కష్టపడి మైనం పెట్టావు. రాకపోతే బాగుండదు కదా."

ఆ తర్వాత కూడా ఆ మూసిన డబ్బానే ఊపుకుని తింటున్నాడు. దీన్ని కాస్త గుర్తుపెట్టుకో. నాకు అప్పుడు బుర్రకెక్కలేదు.

జాగ్రెబ్ నుంచి మనిషి వచ్చిందా అన్నావు. వచ్చింది. పేరు హెర్మినా. మీ నాన్న రాసిన సంగీతమంతా పుస్తకాలుగా అచ్చువేసే పని ఆవిడది. మంచి మనిషే, కానీ చెప్పిందల్లా రాసుకునే రోగం ఉంది. మన పెరట్లో మేకను చూసి "ఇదేమిటి?" అంది. "మాయెస్త్రో దగ్గర సంగీతం నేర్చుకుంటోందండీ, ఇంకా సరళీ దాటలేదు" అన్నాను. సగం రాసుకున్నాక తలెత్తి చూసింది. పాపం, కాఫీ ఇచ్చాను. నీ కాఫీ.

ఆవిడకి మీ నాన్న తన కథంతా చెప్పాడు. జాలరి కొడుకు, చెప్పుల్లేని కాళ్లతో ఊరి బ్యాండు వెనకాల తిరిగేవాడు, పాదిరీ గారు పట్టుబట్టి జాగ్రెబ్ పంపాడు, అక్కడ ఒపేరాలో వాద్యగాళ్ల ముందు నిలబడి దశాబ్దాలపాటు కర్ర ఊపాడు, వియన్నా, ప్రేగ్ అంతా చప్పట్లు. ఆ చప్పట్ల సంగతి నీకు చెప్పడం నా నోటితో నేను తగువు తెచ్చుకోవడమే. కానీ మేక స్వరం పుట్టుక ఆయన నోటి మీదుగా నువ్వెప్పుడూ విని ఉండవు. నేనూ వినలేదు. ఊళ్లోవాళ్లు చెప్పుకునేదే విన్నాను. అందుకని రాస్తున్నాను.

ఆయనకి పంతొమ్మిదేళ్లప్పుడు వాళ్ల నాన్న సముద్రంలో పోయాడట. శవం దొరకలేదు. ఖాళీ పెట్టె పూడ్చారు. ఆ పెట్టె వెనకాల నడవడానికి, మన బ్యాండు ఇప్పటికీ శవయాత్రల్లో వాయించే ఈ చావు మార్చ్ రాశాడు, జాగ్రెబ్‌లో నేర్చుకున్నదంతా గుమ్మరించి. ఆ రోజు కూడా ఇదే దక్షిణపు గాలి. బొంబర్దిన్ అనే ఆ పొట్ట బాకా వాయించే ఫాబ్యాన్ వాద్యంలో మీట తేమకి బిగుసుకుపోయింది. సరిగ్గా దుఃఖం పైకి లేచే చోట, ఎక్కాల్సిన స్వరం ఎక్కకుండా అర మెట్టు కిందే ఆగిపోయింది. మేక అరిచినట్టు. మిగతా వాద్యగాళ్లలో రాసిన స్వరాలు చదవడం ఎవడికొచ్చు? పొట్ట బాకా ఎటు పోతే అటు పోయారు. మీ నాన్న చేతిలో కర్ర ఫాబ్యాన్ మీదికి విసిరి, మర్నాడే పడవెక్కేశాడు.

ఆయన వెళ్లాడు గానీ ఆ స్వరం వెళ్లలేదు. మీట బాగుచేశారు, ఫాబ్యాన్ పోయాడు, కొత్తవాళ్లు వచ్చారు. తండ్రి దగ్గర విని కొడుకు నేర్చుకున్నదంతా మేక స్వరమే. ఈ ఊళ్లో పోయినవాళ్లందరూ దాని వెనకాలే కొండ మీది శ్మశానానికి ఎక్కారు. ఒకసారి రేడియోలో జాగ్రెబ్ వాళ్లు ఈ మార్చ్ వాయించడం నీకు గుర్తుందా? సారాకొట్లో అందరం టోపీలు తీసి విన్నాం. ఆ చోటు వచ్చేసరికి అందరూ ఒక్కసారే మొహం చిట్లించారు. "చూశావా, అంత పెద్ద ఊరు, అన్ని ఫిడేళ్లు, ఒక్క స్వరం సరిగ్గా పట్టుకోలేకపోయారు" అన్నాడు రొట్టెల పాష్కో. ఆ రోజు కర్ర ఊపింది మీ నాన్నే అని రేడియోలో చెప్పేదాకా వాడు తిడుతూనే ఉన్నాడు. చెప్పాక "వయసైపోయింది పాపం" అన్నాడు.

ఇదంతా విని హెర్మినా నవ్వి, కాగితం ముందుకు తోసింది.

"మాయెస్త్రో, ఈ ఒక్క చోట మీ మాట కావాలి. జాగ్రెబ్ ప్రతిలో ఒక స్వరం ఉంది, మీ ఊళ్లో వేరే వాయిస్తున్నారు. జాగ్రెబ్‌దే ఉంచేస్తాను కదా?"

"ఉంచమన్నానా?"

"అయితే ఊరిదా?"

"అది మేక అరుపు."

"మరి ఏం వెయ్యమంటారు?"

"ఖాళీగా వదిలెయ్యి."

"ఖాళీగా ఎలా మాయెస్త్రో? అచ్చుకి వెళ్లాల్సిన పుస్తకం."

"ఒకరిని అడగాలమ్మా. అడిగి చెబుతాను."

"ఎవరిని? ఇది రాసింది మీరు!"

ఆయన గంట తీసి వాయించాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను, అయినా వాయించాడు. ఆవిడ ఆ చోటు ఖాళీగానే పట్టుకుని పడవెక్కింది. ముసలితనం మొండితనం అనుకున్నాను నేను. రేవు దాకా ఆవిడ సంచి మోస్తూ ఆవిడకీ అదే చెప్పాను.

ఇక నా అలసట సంగతి.

క్రిస్మస్ ముందు మీ నాన్నకి గుండె పట్టేసింది. స్ప్లిట్ పట్నం తీసుకెళ్లి తీసుకొచ్చానని రాశాను కదా, జలుబు అని. జలుబు కాదు. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "ఆ గుండె ఇంకా ఎందుకు కొట్టుకుంటోందో నాకే తెలీదు" అన్నాడు. నీకెందుకు రాయలేదంటే, రాస్తే నువ్వు వస్తావో రావో నాకు తెలియదు. రాకపోతే ఆ మాట నా చేతిలో ఉత్తరంగా ఉండిపోతుంది. అది నేను మొయ్యలేననిపించింది.

ఇంటికొచ్చాక ఆయన మొదటి మాట ఏమిటో తెలుసా? "బ్యాండుని పిలు. ఆ స్వరం సరిగ్గా వినేదాకా నేను చావను." తన శవయాత్రకి తనే తాలీము పెట్టాడు దోబ్రిలా. గురువారం గురువారం మన హాల్లోనే. కుర్చీలో కూర్చుని, నీ అల్లిక శాలువా కప్పుకుని, చెంచాతో తాళం. మొదట్లో నాకు నవ్వొచ్చింది. ఆ చోటు రాగానే బ్యాండంతా పల్లంలోకి బండి జారినట్టు మేక స్వరంలోకి జారేది. ఆయన తిట్టేవాడు, "గాడిదల్లారా, మీ తాతకి మీట బిగుసుకుంది, మీకేం బిగుసుకుంది?" మళ్లీ మొదటి నుంచి. వాళ్ల వేళ్లు పుట్టినప్పటి నుంచీ అటే వెళ్తున్నాయి, ఎలా తిరుగుతాయి? కానీ తిరగడం మొదలైంది. జనవరి చివర ఒకరోజు పాష్కో ట్రంపెట్ ఆ సరైన స్వరాన్ని అంటుకుని జారింది. ముసలాయన మొహం వెలిగింది. నా గుండె జారింది.

నేను నమ్ముతానని కాదు. ఒక స్వరం కోసం చావు గుమ్మంలో కూర్చుంటుందా? కానీ ఆ రోజు ఆయన మొహం నువ్వు చూడలేదు. సరిగ్గా వింటే కళ్లు మూసేస్తాడు అనిపించింది. నువ్వు లేకుండా. మీ అమ్మ పోయినప్పుడు రాకుండా ఆయన చేసిందే నువ్వు ఆయనకి చేసినట్టవుతుంది. తర్వాత నీ జీవితమంతా దాన్ని మోస్తావు. అది నాకు వద్దనిపించింది.

అందుకే నిమ్మకాయలు.

బ్యాండులో నా చేతిలో ఉన్నది డోలు. డోలుకి స్వరం లేదు, నన్నెవరూ అనుమానించరు. మీ నాన్న కుర్చీ వెనక నిలబడి, ఆ చోటు వస్తోందనగా నిమ్మకాయ కోసి, బాకాల వాళ్లు చూస్తుండగా కసుక్కున కొరికి చప్పరించేవాణ్ని. మరొకడు పులుపు తింటుంటే బాకా ఊదేవాడి నోట్లో నీళ్లూరతాయి, పెదవి నిలవదు. ఒక్కొక్కడూ బుసబుస, కీచుకీచు. పాష్కో ట్రంపెట్‌లోంచి గాలి కాదు, జల్లు వచ్చింది. వారం వారం చెట్టు ఖాళీ అయింది, నా పళ్లు జివ్వుమంటున్నాయి. కానీ ముసలాయన ముక్కు కూడా పనిచేస్తుంది కదా. "హాల్లో చేప లేదు, మరి నిమ్మకాయ ఎవడు కోశాడురా?" అన్నాడు ఒకరోజు. అక్కడితో ఆ వేషం ఆగిపోయింది.

అప్పుడు బ్యాండు వాళ్లని సారాకొట్టులో కూర్చోబెట్టి ఉన్న మాట చెప్పేశాను. పాష్కో గ్లాసు కింద పెట్టి నన్నే చూశాడు.

"ఒరేయ్ ప్రోష్పెర్, నీ ఆటల్లో ఇదొకటా?"

"ఆట కాదురా. దోబ్రిలా వచ్చేదాకా."

"వస్తానందా?"

"అడగలేదు."

"అడగకుండా ఎలా వస్తుందిరా మొద్దూ?"

"అందుకే కదా తప్పు వాయించమంటున్నాను."

పాష్కో గడ్డం గోక్కున్నాడు. "మేం ఇప్పుడిప్పుడే నేర్చుకున్నాం రా. ఇప్పుడు మళ్లీ తప్పు వాయించాలంటే ఎంత కష్టమో నీకు తెలుసా? డోలుగాడివి, నీకేం తెలుస్తుంది" అన్నాడు. అన్నాడు గానీ, ఒప్పుకున్నారు. అందరూ. మీ అమ్మని ఆ కొండ ఎక్కించింది వాళ్లే కదా.

అప్పటి నుంచీ ప్రతి గురువారం మా నాటకం ఇది. తెలియక తప్పు చేస్తే తేలిక. తెలిసీ, ప్రాణం పెట్టి రాసినవాడి ముందు నిలబడి తప్పు చెయ్యడం ఉందే, అది మనిషిని పిండేస్తుంది. ఆయన తిడుతున్న కొద్దీ వాళ్లు తలలు వంచుకుంటారు. ఇళ్లకి వెళ్లేటప్పుడు ఎవడూ ఎవడితోనూ మాట్లాడడు. పోయిన గురువారం పాష్కో మెట్ల మీద కూలబడి, "ఎన్నాళ్లురా ఇంకా?" అన్నాడు. నేను వేసిన వేషాల్లో ఇంత నీరసంగా సాగింది మరొకటి లేదు.

వాళ్లని పంపేసి లోపలికొచ్చాను. మీ నాన్న అక్కడే కుర్చీలో ఉన్నాడు, చెంచా ఒళ్లో పెట్టుకుని.

"అల్లుడూ, కూర్చో."

కూర్చున్నాను.

"జాగ్రెబ్‌లో నా దగ్గర జీతాలిచ్చి పెట్టుకున్న వాద్యగాళ్లుండేవాళ్లు. వాళ్ల చేత ఒక్క స్వరం అందరి నోటా ఒకేసారి, ఒకే ఎత్తులో పలికించడానికి నా జుట్టంతా రాలిపోయింది. ఈ రొట్టెలవాడూ, వలలవాడూ, పోస్టువాడూ కలిసి వారం వారం అదే తప్పుని వెంట్రుకవాసి తేడా లేకుండా ఎలా పలుకుతున్నారంటావు?"

నాకు ఉప్పుడబ్బా గుర్తొచ్చింది.

"రానివాడి తప్పు రోజుకో రకంగా ఉంటుందిరా గాడిదా. రోజూ ఒకేలా ఉంటే అది తప్పు కాదు. నేను నడిపిన బ్యాండుల్లోకెల్లా ఇదే మంచిది."

"ఎప్పటి నుంచి తెలుసు మావయ్యా?"

"నిమ్మకాయలప్పటి నుంచీ."

"మరి తిట్లెందుకు?"

"తిట్టకపోతే వాళ్లకి తెలిసిపోదూ? అంత కష్టపడుతుంటే."

గాలికి కిటికీ రెక్క కొట్టుకుంటోంది, ఆయన దానికి కూడా వేలితో తాళం వేస్తున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. అన్నది అన్నట్టే రాస్తున్నాను, నా మాట ఒక్కటి కూడా కలపకుండా.

"ఆ మార్చ్ మా నాన్న కోసం రాశాను. ఆ పెట్టెలో ఆయన లేడు. నా పెళ్లాం ఉన్న పెట్టె వెనకాల వాయించారు, అక్కడ నేను లేను. పాట నాదే, కానీ మనిషి ఉన్న పెట్టె వెనకాల దాన్ని నేనెప్పుడూ వినలేదు. విన్నది నా కూతురు. ఏది సరైన స్వరమో నేనెలా చెబుతాను? దాన్నడిగి ఆ ఖాళీ నింపాలి. సరైనది వినేదాకా చావనన్నాను గానీ, జాగ్రెబ్‌ది సరైనదని ఎప్పుడన్నాను?"

తర్వాత గంట తీసి నా చేతికిచ్చాడు. "ఇక ఇది వద్దులే. నీకు మోకాళ్ల నొప్పులు" అన్నాడు. దోబ్రిలా, ఆ గంట మోగకపోతే ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో చెప్పలేను. ఇప్పుడు నేనే పిలవకుండా మెట్లెక్కుతున్నాను, ఊపిరి వినడానికి.

మీ అమ్మని సాగనంపిన రోజు రాత్రి నువ్వు నాతో ఒక మాటన్నావు. దారి పొడుగునా నాకు కన్నీళ్లు రాలేదు, ఆ మేక అరుపు దగ్గర మాత్రం వచ్చాయి, అన్నావు. ఆ మాట నేను ఆయనకి చెప్పలేదు. చెబితే హెర్మినాకి ఉత్తరం రాయించి, ఖాళీ నింపించి, పని అయిపోయిందని కళ్లు మూసుకుంటాడు. అయినా అది నేను చెప్పాల్సింది కాదు.

నీ ఉత్తరం చివర్లో అడిగావు, దొరసాని వేసవి దాకా ఉండమంటోంది, ఈస్టరుకి రావాలా, ఆగస్టులో వస్తే సరిపోతుందా అని. ఇన్నేళ్లలో నువ్వు అడిగిన దేనికీ నేను సూటిగా జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఈస్టరు దాకా కూడా ఆగకు. ఈ ఉత్తరం అందిన రోజే బయల్దేరు. ఆయన్ని క్షమించమని నేను అడగను, ఆయనా అడగడు, అది అడిగే మొహం కాదు. అడుగుతున్నది ఒక్క స్వరం. ఇంట్లోకి వచ్చి, మాయెస్త్రో అని పిలుస్తావో ఏమని పిలుస్తావో నీ ఇష్టం, అదేదో చెప్పి పో.

అందాకా గురువారం గురువారం మేం తప్పుగానే వాయిస్తుంటాం, ఆయన తిడుతూనే ఉంటాడు. అందరికీ అంతా తెలుసు, ఎవరూ బయటపడరు. పాష్కో ముందుపన్ను కదులుతోంది, అది ఊడితే వాడికి ఏ స్వరమూ పలకదు. కాస్త తొందరగా రా.

వచ్చేటప్పుడు త్రియెస్తే బజారులో నాలుగు నిమ్మకాయలు కొనుక్కురా. మీ నాన్నకి చేపల్లోకి కావాలట. మన చెట్టుకి ఒక్కటీ మిగల్లేదు.

ఇట్లు,
నీ రాకకు రేవు వైపే చూస్తున్న
నీ మొగుడు, మీ నాన్నకి గాడిద,
ప్రోష్పెర్